ఖాళీ గోడౌన్‌లో ఇండోర్ సాగు: ఆయిస్టరా, మిల్కీయా, బటనా, లైట్ల కింద ఆకుకూరలా, కుంకుమపువ్వా?

తమ్ముడు వరసయ్యే అబ్బాయికి షాద్‌నగర్ దాటాక రోడ్డు పక్కన 3,000 చదరపు అడుగుల రేకుల గోడౌన్ ఉంది. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసి ఎనిమిది నెలలైంది, మళ్ళీ ఎవరూ రాలేదు, మొన్న ఫోన్ చేసి "అన్నా, ఇందులో ఇండోర్ ఫార్మింగ్ పెట్టేద్దాం అనుకుంటున్నా, గులాబీ రంగు లైట్లు పెట్టి పెంచుతారు కదా అట్లా, ఎంతవుతుంది" అన్నాడు. నేను ఎంతవుతుందో చెప్పకుండా ఎదురు ప్రశ్న వేశా, మే నెలలో మధ్యాహ్నం రెండింటికి ఆ రేకుల కింద ఎంత వేడి ఉంటుందో ఎప్పుడైనా కొలిచావా అని. కొలవలేదు.

ఇలా అడిగేవాళ్ళు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు, అందుకే ఒకేసారి అన్నీ రాసి పెడుతున్నా. నేను ఆరేళ్ళుగా పుట్టగొడుగులు పెంచుతున్నా (ఆయిస్టర్, మిల్కీ, బటన్ అనేవి పుట్టగొడుగుల్లో రకాలు), మధ్యలో ఒక రూములో ఎల్‌ఈడీ లైట్ల కింద లెట్యూస్ అనే సలాడ్ ఆకు కూడా పెంచి రెండేళ్ళకి ఆపేశా. డబ్బు పోయిన చోట ఎందుకు పోయిందో లెక్కతో సహా చెప్తా. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నా: పంట కోసం గోడౌన్‌ని మార్చాలంటే లక్షలు కావాలి, అదే గోడౌన్‌ని బట్టి పంట ఎంచుకుంటే వేలల్లో మొదలుపెట్టొచ్చు. కానీ అందరూ పంట ముందు ఫిక్స్ అయిపోయి, తర్వాత ఏసీల కొటేషన్లు తెచ్చుకుంటున్నారు.

ఏం చూసి ఎంచుకోవాలి

అన్నిటికంటే ముందు వేడి. పంటకి ఎన్ని డిగ్రీలు కావాలి, మీ షెడ్డులో ఎన్ని డిగ్రీలు ఉన్నాయి, ఆ మధ్యలో ఉన్న తేడాయే మీ కరెంటు బిల్లు. ఇంతకన్నా సింపుల్‌గా నాకు చెప్పడం రాదు.

రెండోది, ఒక కిలో సరుకుకి ఎన్ని యూనిట్ల కరెంటు పడుతుంది. నెల బిల్లు ఎంత అని కాదు, కిలోకి ఎన్ని యూనిట్లు అని చూడండి, అప్పుడే అమ్మే రేటుతో పోల్చుకోగలరు.

మూడోది, కోశాక ఎన్ని రోజులు నిలవ ఉంటుంది, దాన్ని కొనేవాడు ఎంత దూరంలో ఉన్నాడు. నాలుగోది ముడిసరుకు, గడ్డి అయినా కంపోస్టు అయినా విత్తనం అయినా పక్క ఊళ్ళో దొరుకుతుందా, లారీలో రావాలా.

ఇంకొకటి ఎవరూ అడగరు కానీ నేను తప్పకుండా అడుగుతా. వేసవిలో రాత్రి గాలివానకి స్తంభం పడిపోయి ఆరు గంటలు కరెంటు రాకపోతే మీ పంటకి ఏమవుతుంది? కొన్ని పంటలకి ఏమీ కాదు, కొన్నిటికి నెల కష్టం పొద్దున్నకల్లా పోతుంది.

అలాగే ఏడాది తర్వాత మానేయాలనిపిస్తే పెట్టిన డబ్బులో ఎంత వెనక్కి వస్తుంది. త్రీఫేజ్ కనెక్షన్, మోటార్లు, పఫ్ ప్యానెళ్ళు (మధ్యలో నురుగు నింపిన, వేడిని ఆపే పలకలు) సగం రేటుకైనా పోతాయి, కుంకుమపువ్వు దుంపలు, ప్రత్యేకంగా చేయించిన ర్యాకులు పోవు.

గంజాయి వీడియోల గురించి ఒక మాట

గోడౌన్ లోపల పంట అని వెతికితే వచ్చే వీడియోల్లో చాలావరకు అమెరికా, కెనడాల్లో లైసెన్సుతో నడిచే గంజాయి గోడౌన్‌లవి. కెనడాలో 2018 అక్టోబర్‌లో దేశమంతా చట్టబద్ధం చేశారు, అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో ఉంది. మన దగ్గర 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుపదార్థాల) చట్టం కింద ఆ మొక్క పెంచితే పదేళ్ళ దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా ఉంది, ఇండోర్ అయినా ఔట్‌డోర్ అయినా ఒకటే. 2018లో ఉత్తరాఖండ్ ఒప్పుకున్నది మత్తు పదార్థం 0.3 శాతం లోపు ఉండే నార రకానికి, అదీ లైసెన్సు మీద, దాన్ని చూపించి మన దగ్గర కూడా వచ్చేస్తుంది అని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

దీన్ని ఎందుకు ఎత్తానంటే ఆ వీడియోల్లో కనపడే లైట్లు, డీహ్యూమిడిఫైయర్లు, చిల్లర్లు అన్నీ చాలా ఖరీదుగా అమ్ముడుపోయే పంట కోసం తయారైనవి. అంత రేటు ఉన్నా అక్కడ కూడా నిలబడని వాళ్ళు ఉన్నారు, కెనడాలో క్యానోపీ గ్రోత్ అనే పెద్ద కంపెనీ ఒకప్పటి హెర్షీ చాక్లెట్ ఫ్యాక్టరీని కొని గంజాయి కేంద్రం చేసి, 2023లో మళ్ళీ హెర్షీకే అమ్మేసింది. అలాంటి సెటప్‌ని చూసి అదే సామాను పెట్టి పాలకూర పెంచితే ఎలా గిట్టుతుంది చెప్పండి.

ఒక చూపులో

| పంట | కోతకొచ్చే దశలో కావాల్సిన వేడి | తేమ | కరెంటు భారం | మొదటి కోతకి | మామూలు గదిలో నిలవ |
|---|---|---|---|---|---|
| ఆయిస్టర్ | 20 నుంచి 28 డిగ్రీలు | 80–90 శాతం | తక్కువ | 25–30 రోజులు | ఒక రోజు |
| మిల్కీ | 30 నుంచి 35 డిగ్రీలు | 80–85 శాతం | చాలా తక్కువ | 35–45 రోజులు | 3–4 రోజులు |
| బటన్ | 14 నుంచి 18 డిగ్రీలు | 85–90 శాతం | ఎక్కువ, ఏడాదంతా | 35–40 రోజులు | ఒక రోజు |
| ఎల్‌ఈడీ కింద లెట్యూస్ | 20 నుంచి 24 డిగ్రీలు | 60–70 శాతం | అన్నిటికన్నా ఎక్కువ | 35–45 రోజులు | ఫ్రిజ్‌లోనే |
| కుంకుమపువ్వు | పూతకి 15–17 డిగ్రీలు | 80 శాతం దగ్గర | మధ్యస్తం | ఏడాదికి ఒకేసారి | ఎండబెడితే చాలాకాలం |

టేబుల్‌లో మిల్కీ వరుస ఇంకోసారి చూడండి. 30 నుంచి 35 డిగ్రీలు. మన ఎండాకాలానికి సరిపడా పుట్టిన పంట అది, అయినా దాని పేరు విన్నవాళ్ళు తక్కువ.

ఆయిస్టర్, మిల్కీ: నేను రెండిటినీ ఒకే పంటగా చూస్తా

ఈ రెండిటికీ మేత వరిగడ్డే. ఏడాది లోపు గడ్డి, పసుపురంగులో గట్టిగా ఉండాలి, వానకి తడిసి నల్లబడిన గడ్డి ఉచితంగా ఇచ్చినా తేవద్దు. మిషన్ కోత గడ్డి నలిగిపోయి ఉంటుంది, నీళ్ళు ఎక్కువ పట్టి బ్యాగ్ అడుగున కుళ్ళుతుంది, చేత్తో కోసిన గడ్డి దొరికితే రూపాయి ఎక్కువైనా అదే తీసుకోండి. యాసంగి కోతలప్పుడే ఏడాదికి సరిపడా కొని పొడిగా దాచుకుంటే సగం సమస్యలు తీరతాయి.

పని ఏముంటుందంటే గడ్డిని రెండు మూడు అంగుళాల ముక్కలు చేసి, రాత్రంతా నానబెట్టి, వేడి నీళ్ళలోనో ఆవిరిలోనో 80 డిగ్రీల దగ్గర గంట పైన ఉంచి, నీళ్ళు ఓడ్చి, పిడికిట పట్టి పిండితే చుక్క పడకుండా చెయ్యి మాత్రం తడి తగిలేలా ఆరబెట్టి, పాలిథిన్ బ్యాగుల్లో పొరలు పొరలుగా గడ్డి, స్పాన్ (పుట్టగొడుగు విత్తనం) వేసుకుంటూ కట్టాలి. చీకటి గదిలో 15 నుంచి 20 రోజులకి బ్యాగ్ అంతా తెల్లగా అల్లుకుంటుంది. ఆయిస్టర్ అయితే అక్కడి నుంచి వెలుతురు, గాలి, తేమ ఇస్తే నాలుగైదు రోజుల్లో మొగ్గలు వచ్చేస్తాయి. మిల్కీకి ఇంకో పని ఉంది, బ్యాగ్‌ని అడ్డంగా కోసి పైన ఆవిరి పట్టిన మట్టి ఒక అంగుళం మందాన కప్పాలి, తర్వాత పది రోజులు పైన ఆగాలి.

దిగుబడి విషయంలో పెద్ద పెద్ద అంకెలు నమ్మొద్దు. కిలో ఎండుగడ్డికి అన్ని కోతలు కలిపి 500 నుంచి 800 గ్రాముల పచ్చి పుట్టగొడుగులు అనుకుని లెక్క వేసుకోండి, నేనైతే 600 మీదే వేస్తా. 1,000 చదరపు అడుగుల గదిలో తాళ్ళకి వేలాడదీసి 1,000 బ్యాగులు పెట్టారనుకోండి, ఒక్కోదాంట్లో కిలో గడ్డి, రెండు నెలల సైకిల్, అంటే 600 కిలోలు, రోజుకి సగటున 10 కిలోలు. దీనికి నడిచేది కూలర్ ఫ్యాన్లు, ఫాగర్ (నీళ్ళని పొగమంచులా చల్లేది) మోటారు, నాలుగు ట్యూబులైట్లు, అంతే.

కష్టం ఎక్కడుందంటే అమ్మకంలో. ఆయిస్టర్ కోసిన రోజే పోవాలి, ఫ్రిజ్‌లో పెడితే ఇంకో మూడు నాలుగు రోజులు ఆగుతుంది గానీ అంచులు పసుపెక్కితే షాపువాడు వెనక్కి పంపిస్తాడు. హైదరాబాద్‌లో మష్రూమ్ అనగానే జనానికి గుర్తొచ్చేది గుండ్రటి బటన్. ఆయిస్టర్ చూసి ఇది కుక్కగొడుగు కాదా అని అడిగినవాళ్ళు నాకు ఇప్పటికీ తగులుతుంటారు, వండి రుచి చూపించి అమ్మాల్సి వచ్చింది. మిల్కీ ఈ విషయంలో నయం, గట్టిగా తెల్లగా ఉంటుంది, మూడు రోజులు మామూలు గదిలోనే ఉంటుంది, బిర్యానీలో ముక్క విడిపోదు, క్యాటరింగ్ వాళ్ళు ఒకసారి వాడితే మళ్ళీ అడుగుతారు. కార్తీకంలో నీసు మానేసేవాళ్ళ వల్ల గిరాకీ పెరుగుతుంది, కానీ కొన్ని ఇళ్ళల్లో పుట్టగొడుగుని కూడా నీసు కిందే లెక్కేస్తారు కాబట్టి మీ చుట్టుపక్కల ఎలా ఉందో కనుక్కోండి. మూఢంలో పెళ్ళిళ్ళు ఉండవు, ఆ నెల బ్యాగులు తగ్గించి వేసుకోవాలి.

కాబట్టి నేను చేసేది, దసరా దాటాక ఆయిస్టర్ మొదలుపెట్టి ఫిబ్రవరి దాకా, మార్చి నుంచి వానాకాలం అయ్యేదాకా మిల్కీ. అదే షెడ్డు, అదే గడ్డి, అదే తాళ్ళు. చలికాలంలో 25 కన్నా తగ్గితే మిల్కీ మొండికేస్తుంది, ఎండాకాలంలో 30 దాటితే ఆయిస్టర్ మొగ్గలు మాడిపోతాయి. రెండూ మార్చి మార్చి వేసుకుంటే ఏసీ అవసరం లేకుండా ఏడాది గడిచిపోతుంది.

ఒక జాగ్రత్త మాత్రం ఎవరూ ముందు చెప్పరు. ఆయిస్టర్ ముదిరితే గదంతా తెల్లటి పొడి రాలుస్తుంది, అది ఊపిరితిత్తులకి పడదు, దగ్గు, రాత్రి జ్వరం లాంటివి వస్తాయి, మా దగ్గర పనిచేసే ఒకామెకి వచ్చాకే నాకు అర్థమైంది. గొడుగు అంచులు పైకి తిరగకముందే కోసేయండి, కోసేటప్పుడు మంచి మాస్కు తప్పనిసరి, గదిలోకి వెళ్ళే ముందు ఎగ్జాస్ట్ కాసేపు నడపండి.

బటన్: మార్కెట్ ఉంది, కానీ అది వేరే లెవెల్ పని

గిరాకీ అంతా దీనికే, అది ఒప్పుకోవాలి. కానీ 14 నుంచి 18 డిగ్రీలు అంటే హైదరాబాద్ చలికాలం రాత్రుల్లో తప్ప మిగతా ఏడాదంతా చల్లబరచాల్సిందే. పైగా మూసిపెట్టి చల్లబరిస్తే సరిపోదు, పుట్టగొడుగు కూడా మనలాగే ఊపిరి వదులుతుంది, బయట గాలి లోపలికి తేవాలి, ఆ గాలి 40 డిగ్రీలది, దాన్ని మళ్ళీ 16కి తేవాలి. ఏసీ లెక్కలో ఈ బయటి గాలిని వదిలేసి చాలామంది దెబ్బతింటారు.

ఇక కంపోస్టు. గడ్డి, కోళ్ళ ఎరువు, జిప్సం కలిపి పాత పద్ధతిలో 28 రోజులు, ఆవిరి గదులతో చేసే పద్ధతిలో మూడు వారాల లోపు పులియబెట్టాలి. ఆ వాసన ఊళ్ళోవాళ్ళు ఊరుకోరు. తయారు కంపోస్టు బ్యాగులు పుణె వైపు నుంచి తెప్పించుకోవచ్చు, కానీ ఎండాకాలంలో లారీలో వచ్చే లోపు లోపల వేడెక్కి స్పాన్ చచ్చిపోయే ప్రమాదం ఉంది, మామూలు లారీలో తెప్పించుకున్న ఒకాయన సగం బ్యాగులు పారేయడం నేను కళ్ళారా చూశా. టన్ను కంపోస్టుకి 150 నుంచి 200 కిలోలు అంటే మంచి దిగుబడి కిందే లెక్క.

ఇంకోటి, చలికాలంలో ఉత్తరాదిన ఏసీ లేకుండానే గడ్డి గుడిసెల్లో బటన్ పెంచుతారు, అప్పుడు సరుకు ఎక్కువై రేటు పడుతుంది. మీకు కరెంటు ఖర్చు తక్కువయ్యే నెలల్లోనే రేటు తక్కువ, రేటు బాగుండే మే, జూన్‌లో మీ బిల్లు ఎక్కువ. దీన్ని తట్టుకోవాలంటే కనీసం నాలుగు గదులు వంతులవారీగా నడపాలి, జనరేటర్ ఉండాలి, మంచి మేనేజర్ ఉండాలి. కోటి పైన పెట్టుబడి, బ్యాంకు లోను, రోజూ అక్కడే ఉండే మనిషి, ఈ మూడూ ఉంటే చేయండి, బాగా చేసేవాళ్ళు బాగానే సంపాదిస్తున్నారు. ఒక గది పెట్టి చూద్దాం అనుకునేవాళ్ళకి ఇది కాదు.

ఎల్‌ఈడీ కింద లెట్యూస్: నా లెక్క మొత్తం పెడుతున్నా

నాకు బాగా ఇష్టమైన పని ఇది, ఆ గదిలోకి వెళ్తే మనసు హాయిగా ఉండేది, అయినా ఆపేయాల్సి వచ్చింది. 1,000 చదరపు అడుగుల గది, మూడు అంతస్తుల ర్యాకులు, నడవడానికి దారి పోగా పంట పెరిగే జాగా 100 చదరపు మీటర్లు. మంచి ఎల్‌ఈడీలైనా చదరపు మీటరుకి 90 వాట్ల పైన కావాలి, అంటే మొత్తం 9 కిలోవాట్లకి పైన, రోజుకి 16 గంటలు, దాదాపు 150 యూనిట్లు. ఇక ఆ లైట్ల కరెంటంతా చివరికి వేడిగానే గదిలో మిగులుతుంది, 10 కిలోవాట్ల లైట్లకి మూడు టన్నుల ఏసీ కేవలం ఆ వేడి తీసేయడానికే కావాలి, బయటి ఎండ దీనికి అదనం. ఏసీకి తక్కువలో తక్కువ 50 యూనిట్లు వేసుకోండి. రోజుకి 200 యూనిట్లు. కోత రోజుకి సగటున 15 కిలోలు వస్తే అదృష్టం. కిలోకి 13 యూనిట్లు, యూనిట్ 8 రూపాయలు అనుకున్నా కరెంటు ఒక్కదానికే కిలోకి 100 రూపాయలు దాటింది. ఇంకా విత్తనం, నీళ్ళలో కలిపే పోషక మందులు, స్పాంజి, ప్యాకింగ్, కూలీ, డెలివరీ, అద్దె మిగిలే ఉన్నాయి.

అదే లెట్యూస్‌ని చలికాలంలో పాలీహౌస్‌లో పెంచే రైతుకి లైటు సూర్యుడు ఊరికే ఇస్తాడు. నా సరుకు పక్కన హోటల్ వాడు ఆయన సరుకు పెట్టి రేటు అడిగితే నేనేం చెప్పాలి? ఆకుకూరలు పెంచాలని నిజంగా ఆశ ఉంటే గోడౌన్ అద్దెకిచ్చి ఆ డబ్బుతో పాలీహౌస్ వేసుకోండి, వేసవి మూడు నెలలు కష్టపడ్డా మిగతా కాలం గిట్టుతుంది.

ఇది నా చేతకానితనం వల్ల అని కొన్నాళ్ళు అనుకున్నా, కానీ అమెరికాలో కోట్ల కొద్దీ డాలర్లతో ఇదే చేసినవాళ్ళకీ కష్టమే అయింది. ఏరోఫార్మ్స్ 2023 జూన్‌లో దివాలా రక్షణకి వెళ్ళింది, బోవెరీ 2024 నవంబర్‌లో మూసేసింది, ప్లెంటీ 2025 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది.

ఎప్పుడు పనికొస్తుంది అంటే, స్టార్ హోటళ్ళకి మైక్రోగ్రీన్స్ (మొలకెత్తగానే కోసే లేత ఆకులు), తులసి జాతి ఇటాలియన్ ఆకులు లాంటివి గ్రాముల లెక్కన అమ్మగలిగితే. మైక్రోగ్రీన్స్ 7 నుంచి 14 రోజుల్లో వచ్చేస్తాయి, లైటు తక్కువ చాలు. కానీ దానికి 3,000 అడుగుల గోడౌన్ అక్కర్లేదు, ఇంట్లో ఒక పడకగది చాలు, కొనేవాళ్ళు కూడా అంతమందే ఉంటారు.

మట్టి లేకుండా నీళ్ళలోనే పెంచుతాం కాబట్టి నీళ్ళ సంగతి కూడా చూసుకోండి. మన బోరు నీళ్ళు ఉప్పుగా, సున్నంగా ఉంటాయి, ఆర్‌ఓ లేకుండా మందులు కలిపితే పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్యలో నిలబడదు. నీళ్ళు 25 డిగ్రీలు దాటితే వేర్లు గోధుమరంగుకి తిరిగి కుళ్ళుతాయి. పైపుల్లో సన్నగా నీళ్ళు పారే పద్ధతిలో మోటారు ఆగితే ఎండాకాలంలో గంటా రెండు గంటల్లో మొక్కలు వాలిపోతాయి, తొట్టిలో తేలే పద్ధతి అయితే పూట ఆగుతాయి. మొదటిసారి చేసేవాళ్ళు తొట్టే పెట్టుకోండి.

కుంకుమపువ్వు

దీని మీద పొట్టిగానే చెప్తా. కిలో కుంకుమకి లక్షన్నర దాకా పూలు కావాలి. అంటే 100 గ్రాములకి 15,000 పూలు, దుంపకి రెండు పూలు చొప్పున వచ్చినా 7,500 దుంపలు, అవి కాశ్మీర్ నుంచి కొనాలి. గదిలో ట్రేలో మట్టి లేకుండా పూయించడం నిజమే, అందులో మోసం లేదు, దుంప తనలో దాచుకున్న బలంతోనే పూస్తుంది. అసలు కష్టం పూత అయ్యాక. ఆ దుంపలు మళ్ళీ వచ్చే ఏడాది పూయాలంటే మట్టిలో, వెలుతురులో, చల్లటి వాతావరణంలో నెలల తరబడి పిల్లదుంపలు పెట్టి బలం పుంజుకోవాలి, మన దగ్గర ఆ చల్లదనం లేదు. రెండో ఏడాది దుంపలు చిన్నవైపోయి పూత పడిపోతుంది. ట్రైనింగ్ క్లాసు ఫీజు కట్టే ముందు, ఇదే దుంపలతో మూడో ఏడాది ఎంత పండింది అని వాళ్ళని అడగండి. ఇంట్లో ఒక చిన్న గదిలో సరదాకి చేయాలనుకుంటే అభ్యంతరం లేదు, అప్పు చేసి మాత్రం వద్దు.

గోడలు, చల్లదనం: ఏది పెట్టాలి

పంట ఏదైనా రేకుల షెడ్డులో నేరుగా కుదరదు. మూడు దారులు ఉన్నాయి.

చవకైనది, రేకుల పైన తెల్ల సున్నం లేదా కూల్ పెయింట్, పైన తాటాకో గడ్డో, లోపల గ్రీన్ నెట్, గోనె సంచులు, స్ప్రింక్లర్. ఆయిస్టర్, మిల్కీలకి ఇది చాలు. రెండోది లోపల థర్మోకోల్ షీట్లు కొట్టడం. నేను మొదట ఇదే చేశా, ఏడాది తిరిగేసరికి సందుల్లో తేమ చేరి నల్ల బూజు, ఎలుకలు గూళ్ళు, ఆ బూజు బ్యాగులకి పట్టి రెండు బ్యాచ్‌లు పారేశా. పైగా వైరింగ్‌లో నిప్పురవ్వ పడితే థర్మోకోల్ క్షణాల్లో అంటుకుంటుంది. మూడోది పఫ్ ప్యానెళ్ళు. అదే మందంలో థర్మోకోల్ కన్నా వేడిని బాగా ఆపుతుంది, కడిగితే శుభ్రమవుతుంది, విప్పి అమ్ముకోవచ్చు. బటన్‌కి, ఎల్‌ఈడీ గదికి ఇవి తప్పవు, పైకప్పుకి గోడల కన్నా మందమైనవి వేయండి, పీఐఆర్ రకం దొరికితే మంటల విషయంలో ఇంకా నయం.

చల్లదనానికి ప్యాడ్, ఫ్యాన్ పెట్టాలా, ఏసీ పెట్టాలా అన్నది మీరు ఏ జిల్లాలో ఉన్నారన్నదాని మీద ఉంటుంది. మహబూబ్‌నగర్, అనంతపురం వైపు ఏప్రిల్‌లో 42 డిగ్రీల ఎండ ఉన్నా గాలిలో తేమ 20 శాతమే ఉంటే, తడి ప్యాడ్ గుండా వచ్చే గాలి 27 దాకా దిగుతుంది. అదే కాకినాడలోనో మచిలీపట్నంలోనో 36 డిగ్రీలే ఉన్నా తేమ 60 శాతం ఉంటే ఆ ప్యాడ్ 30 దగ్గర ఆగిపోతుంది, ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా అంతకన్నా దిగదు. అందుకే కోస్తావాళ్ళకి వేసవిలో ఆయిస్టర్ అచ్చిరాదు, మిల్కీ మాత్రం హాయిగా వస్తుంది. తెలంగాణ, రాయలసీమ వాళ్ళకి ప్యాడ్ పెట్టుకుంటే ఏప్రిల్‌లో కూడా ఆయిస్టర్ లాగించొచ్చు, కానీ ప్యాడ్‌కి నీళ్ళు బాగా కావాలి, బోరు ఎండే ఊరైతే అది కూడా లెక్కలో వేసుకోండి.

ఏది చేసినా హాలంతా ఒకే గదిగా ఉంచకండి. 500, 600 అడుగుల గదులుగా విడగొడితే ఒకదాంట్లో ఆకుపచ్చ బూజు వచ్చినా పక్కదానికి పాకకముందే ఖాళీ చేసి కడిగేయొచ్చు, కోతలు కూడా వారం వారం వంతులవారీగా వస్తాయి. రెండు తలుపులు, కిటికీలకి సన్న కన్ను దోమల వల, గుమ్మంలో బ్లీచింగ్ నీళ్ళ తొట్టి, నేలకి కాలువ వైపు వాలు, లోపల కర్ర అసలు వద్దు, స్విచ్‌లన్నీ గది బయట, లైన్‌కి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) తప్పనిసరి. తడి గదిలో షాక్ కొడితే మనిషి బతకడు, ఇక్కడ మాత్రం రూపాయి ఆదా చూడొద్దు.

ఆయిస్టర్ కాడలు పొడుగ్గా సాగి గొడుగు చిన్నగా ఉంటే గదిలో గాలి చాలట్లేదని అర్థం, ఎగ్జాస్ట్ పెంచండి. ఏ మీటర్ లేకపోయినా ఇది చూసి చెప్పేయొచ్చు.

మరి ఎవరికి ఏది

ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలు చూసుకుందాం అనుకునేవాళ్ళు ఏదీ పెట్టకండి, నిజంగా చెప్తున్నా. పుట్టగొడుగు ఆదివారం దాకా ఆగదు, రోజూ రెండుసార్లు గదిలోకి వెళ్ళే మనిషి ఇంట్లోవాళ్ళలో ఒకరు ఉంటేనే మొదలుపెట్టండి.

ఊళ్ళో వరి ఉన్న రైతు కుటుంబం, లేదా మహిళా సంఘం అయితే ఆయిస్టర్, మిల్కీ మార్చి మార్చి. 200 బ్యాగులతో మొదలుపెట్టండి. కృషి విజ్ఞాన కేంద్రం (కేవీకే)లో, వ్యవసాయ యూనివర్సిటీలో ట్రైనింగ్‌లు జరుగుతాయి, బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఆర్‌లో కూడా నేర్పిస్తారు, స్పాన్ కూడా అలాంటి చోటే తీసుకోండి, నెల దాటిన స్పాన్ వద్దు.

అమెరికా నుంచో దుబాయ్ నుంచో డబ్బు పంపి ఇక్కడ మనిషిని పెట్టి నడిపిద్దాం అనుకునేవాళ్ళకి అందరూ ఎల్‌ఈడీ ఫార్మ్ చూపిస్తారు, ఎందుకంటే ఫోన్‌లో కెమెరా పెట్టి చూసుకోవచ్చు, అందంగా ఉంటుంది. వాళ్ళకి నా సలహా, పెట్టే డబ్బు పోయినా ఫర్వాలేదు అనుకుంటేనే, లేదంటే ఇప్పటికే బాగా నడుస్తున్న బటన్ యూనిట్‌లో వాటాగా చేరడం మేలు.

సబ్సిడీ కోసం ఆగేవాళ్ళకి ఒక మాట. ఎంఐడీహెచ్ అనే కేంద్ర ఉద్యాన పథకంలో పుట్టగొడుగుల యూనిట్లకి సాయం ఉంది, కానీ చాలావరకు బ్యాంకు లోనుకి ముడిపెట్టి తర్వాత వస్తుంది, కాబట్టి అది రాకపోయినా నిలబడేలా లెక్క వేసుకుని ఉద్యానశాఖ ఆఫీసుకి వెళ్ళండి. కరెంటు కనెక్షన్ ఏ కేటగిరీలో ఇస్తారో కూడా ప్యానెళ్ళు కొనకముందే కరెంటు ఆఫీసు ఏఈ గారిని కలిసి కనుక్కోండి, ఆ తేడా ప్రతి నెలా కడతారు.

మా తమ్ముడు చివరికి గోడౌన్‌లో ఒక మూల 600 అడుగులు గ్రీన్ నెట్టుతో విడగొట్టి 200 మిల్కీ బ్యాగులు వేస్తున్నాడు, మిగతాది అద్దెకి బోర్డు అలాగే ఉంచాడు. వేడి, తేమ చూపించే 300 రూపాయల మీటరు ఒకటి కొని రేకుల కింద వేలాడదీశాడు, పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి పదింటికి అంకెలు ఫోటో తీసి నాకు పంపిస్తున్నాడు. నిన్న మధ్యాహ్నం 44 డిగ్రీలు ఉంది. సున్నం వేశాక ఎంతకి దిగుతుందో చూసి అప్పుడు ప్యాడ్ గురించి ఆలోచిద్దాం అన్నా.